తులశమ్మ నోరూ, పొయ్యిలో పిల్లీ

అనగనగా ఒక ఊళ్ళో ఒక నోరుండేది. అవునే బుల్లీ, నోరే. ఆ నోటి వెనకాల తులశమ్మ అని ఒక మనిషి కూడా ఉండేది గానీ, ఊళ్ళోవాళ్ళకి ముందు వినపడేది నోరు, ఆ తర్వాత కనపడేది మనిషి. నవ్వింది చాల్లే, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. చెబుతా.

ఆ తులశమ్మ పెళ్ళిళ్ళకి వంట చేసేది. వండటం ఒక ఎత్తు, వడ్డించడం ఒక ఎత్తు. గరిటె పుచ్చుకుని బంతిలోకి దిగిందంటే ఇక తిరణాలే. "ఏరా సాంబయ్యా, పెళ్ళాం పస్తు పెట్టిందా ఏంటి, ఆ మింగుడు మింగుతున్నావ్?" అనేది. "ఏమే కోటమ్మా, అప్పడాలు కొంగున కట్టావే, కోడలికి తెలియకుండా తినాలనా?" అనేది. విన్నవాళ్ళూ నవ్వేవాళ్ళు, అనిపించుకున్నవాళ్ళూ నవ్వేవాళ్ళు. మా పల్నాటి వైపు అంతేలే. ఎకసెక్కమాడితే మనిషిని మనలో కలుపుకున్నట్టు. తులశమ్మ ఎవర్నన్నా ఏమీ అనకుండా దాటిపోయిందంటే, 'అయ్యో, నామీద కోపమొచ్చిందేమో' అని వాళ్ళు బెంగెట్టుకునేవాళ్ళు.

ఆ ఊరి బడికి హనుమయ్య మాస్టారని ఒకాయన కొత్తగా వచ్చాడు. పొద్దున్నే పిల్లలంతా వరసగా నిలబడి ప్రార్థన చేస్తారు కదా. ఒకరోజు ఒకడు కళ్ళు తిరిగి పడ్డాడు. మర్నాడు ఇంకొకడు పడ్డాడు. ఆ తర్వాత రోజు ఇద్దరు ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. మాస్టారు మొహాన నీళ్ళు చల్లి "పొద్దున ఏం తిన్నార్రా?" అనడిగితే నేలచూపులు చూశారు.

అది మిరపకోతల కాలం. తల్లులు తెల్లారకముందే ట్రాక్టరెక్కి చేలకి పోయేవాళ్ళు. రాత్రి అన్నం మిగిలితే పిల్లలు చద్దన్నం తినేవాళ్ళు. మిగలకపోతే మంచినీళ్ళు తాగి బడికొచ్చేవాళ్ళు. మధ్యాహ్నం బళ్ళో భోజనం ఉంది, కాదనను. కానీ అందాకా ఆగమని కడుపుకి ఎవరు నచ్చజెబుతారు?

అప్పుడు మాస్టారు ఇల్లిల్లూ తిరిగాడు. పొద్దున పూట పిల్లలకి ఇంత టిఫిను పెడదాం, తలా ఒక చెయ్యి వెయ్యండి అన్నాడు. ఒకళ్ళు రవ్వ ఇస్తామన్నారు. ఒకళ్ళు పెసరపప్పు ఇస్తామన్నారు. వేరుశనగ వేసినాయన కాయలిస్తానన్నాడు. మరి వండేదెవరంటే ఊరంతా తులశమ్మ పేరే చెప్పింది.

తులశమ్మకి పట్టరాని సంబరం. "నా చేతి ముద్ద తిన్న పిల్లలు ప్రార్థనలో పడిపోవడం కాదు, పక్కూరికి వినపడేటట్టు పాడాలి" అంది. అన్నట్టే పొద్దు పొడవకముందే బళ్ళోకొచ్చి పొయ్యి రాజేసింది. జీలకర్ర, పచ్చిమిరపకాయలు, కరేపాకు వేసి తాలింపు పెట్టిందంటే ఆ ఘుమఘుమకి వీధి చివరి కుక్కలు కూడా బడి గేటు దగ్గర హాజరు. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కడూ ముందుకొచ్చి పళ్ళెం చాపడం, తులశమ్మ ఒక మాట, ఒక గరిటె.

ఆ వరసలో అందరికంటే ముందు ఒక పిల్ల నిలబడేది. పేరు సుంకమ్మ, ఇంట్లో సుంకి అంటారు. ఆ ఊరి పిల్ల కాదు. కోతల కాలంలో కర్నూలు వైపునుంచి లారీల్లో కూలిజనం వస్తారే, అట్టా వచ్చిన పిల్ల. చేల పక్కన బరకాలు కప్పి గుడిసెలేసుకున్నారు వాళ్ళు. సుంకీ, వాళ్ళమ్మ మద్దమ్మా ఇద్దరే ఒక గుడిసెలో ఉండేవాళ్ళు. మద్దమ్మ చీకటితో చేలోకి పోయి పొద్దువాలేటప్పటికి వచ్చేది. వచ్చాక మూడు రాళ్ళ పొయ్యి రాజేసి ఇంత సంగటి కెలికేది. పొద్దున్నే వంటంటే ఆవిడకి కుదిరే పని కాదు.

సుంకి మొదటిరోజు ఉప్మా తింది. ఇంకోసారి వచ్చి పెట్టించుకుంది. మూడోసారి వచ్చి పళ్ళెం చాపింది. తులశమ్మకి ఆ పిల్లని చూస్తే ముచ్చటేసింది. ముచ్చటేస్తే ఆవిడేం చేస్తుంది, చెప్పు? నోరు తెరుస్తుంది.

"ఏమే పిల్లా, మీ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదా?" అంది.

నీకు తెలీదులే ఆ మాట. కొంపలో వంట లేకపోతే పొయ్యి చల్లగా ఉంటుంది కదా. మెత్తటి బూడిదలో పిల్లి ముడుచుకుని పడుకుంటుంది. పొయ్యి రాజేసేవాళ్ళు వస్తే అది లేచి పోతుంది. రాజేసేవాళ్ళే లేకపోతే ఇంకెందుకు లేస్తుంది? అట్టా వంట లేని పేదింటిని పొయ్యిలో పిల్లి లేవని ఇల్లు అంటారు. పెద్దవాళ్ళు ఎవరి గురించైనా చాటుగా, గొంతు తగ్గించి అనుకునే మాట. తులశమ్మకి తగ్గించే గొంతు ఎక్కడుంది?

పిల్లలంతా పకపకా నవ్వారు. సుంకికి ఆ మాట అర్థం కాలేదు. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. ఆ నవ్వు చూసి తులశమ్మ మురిసిపోయి ఇంకో గరిటె వేసింది.

రెండోరోజు పెసరపప్పు పొంగలి. సుంకి మళ్ళీ ముందే ఉంది. "వచ్చిందమ్మా మహాతల్లి! ఏం, ఇవాళన్నా లేచిందా పిల్లి?" అంది తులశమ్మ. వెనకాల నిలబడ్డ గడుగ్గాయి ఒకడు "మ్యావ్" అన్నాడు. ఈసారి సుంకి నవ్వలేదు. పళ్ళెం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుని తింది.

మూడోరోజు తులశమ్మ ఏమీ అనక్కర్లేకపోయింది. సుంకి పళ్ళెం చాపిందో లేదో, వరసంతా "మ్యావ్, మ్యావ్" అని అందుకుంది. నీకంటే చిన్నది, పలక పట్టుకోవడం రాని పిల్ల కూడా మ్యావ్ అంది. తులశమ్మ ఏం చేసిందంటావు? కోప్పడిందా? లేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. తన మాట ఊళ్ళో ఎప్పుడూ అట్టాగే పాకుతుంది, అదొక గొప్ప ఆవిడకి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా పళ్ళెం ఉంది, పిల్ల లేదు. పళ్ళెం నేలమీద పెట్టి వెళ్ళిపోయింది.

'ఎంత పెంకి పిల్ల' అనుకుంది తులశమ్మ. ఆ పళ్ళెం తీసి పక్కన పెట్టింది.

ఆ తర్వాత సుంకి టిఫిను వేళకి రావడం మానేసింది. సరిగ్గా ప్రార్థన గంట కొట్టేటప్పటికి వచ్చేది. మాస్టారు "తిన్నావా అమ్మా?" అంటే "తింటి సార్" అనేది. తులశమ్మ దూరం నుంచి చూసింది. పిల్ల బుగ్గ మీద తెల్లగా మెతుకు అంటుకుని ఉంది. 'సరే, ఇంట్లో తినే వస్తోందిలే' అని గరిటె కడుక్కుంది.

మర్నాడూ అదే మెతుకు, అదే బుగ్గ. 'మూతి కడుక్కోవడం నేర్పలేదు వాళ్ళమ్మ' అనుకుంది. ఆ తర్వాత రోజూ అంతే. ఇక చూస్తూ ఊరుకోలేక తులశమ్మ కొంగు తడిపి దగ్గరికెళ్ళింది. "ఇటు రావే సోమరిదానా" అని గడ్డం పట్టుకుని ఆ మెతుకు తుడిచింది. అది మెత్తగా నలగలేదు. గట్టిగా వేలికి తగిలింది. తీసి అరచేతిలో వేసుకుని చూసింది.

మెతుకు కాదే బుల్లీ. బియ్యపు గింజ. పచ్చి బియ్యపు గింజ. ఉమ్మితో అంటించుకొచ్చింది ఆ పిల్ల, తిన్నానని చూపించుకోవడానికి.

తులశమ్మ సుంకి మొహంలోకి చూసింది. సుంకి కళ్ళల్లో నీళ్ళు లేవు. దొంగతనం పట్టుబడ్డ వాళ్ళు చూస్తారే, అట్టా చూసింది. మరుక్షణంలో చెయ్యి విదిలించుకుని పరిగెత్తి పోయింది. పుస్తకాల సంచి కూడా తీసుకోలేదు.

తులశమ్మకి తల కొట్టేసినట్టయింది. చేతిలో గింజ ఉంది, పారెయ్యబుద్ధి కాలేదు, ఉంచుకోబుద్ధీ కాలేదు. ఇన్నేళ్ళుగా ఎంతమందికి వడ్డించింది! ఎన్ని బంతులు, ఎన్ని పెళ్ళిళ్ళు! అన్నం పెట్టే చెయ్యి అని ఊరంతా దణ్ణం పెడుతుంది. ఆ చెయ్యే ఒక పసిపిల్లని పస్తులుంచింది. చెయ్యి కూడా కాదు, నోరు. సిగ్గుతో ఆవిడ ఒళ్ళంతా మండిపోయింది. గిన్నెలు కడగడం మర్చిపోయి అట్టాగే గోడకి చేరగిలబడింది.

మర్నాడు సుంకి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పిల్లల్ని అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. ఆ కోతిమూకలో కొందరు సాయంత్రం గుడిసెల దాకా వెళ్ళారట. మద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని చితుకులు ఊదుతుంటే, వెనక నుంచి మ్యావ్ మ్యావ్ అన్నారట. ఏంటి రా అది అంటే తులశమ్మ చెప్పిన మాట అప్పజెప్పారట. అంతే, మద్దమ్మ కూతుర్ని బడి మాన్పించి తనతోపాటు మిరపచేలోకి తీసుకుపోతోంది.

మిరపకోతంటే ఆట కాదమ్మా. కాయ తుంచీ తుంచీ వేళ్ళు భగభగమంటాయి. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఇక చూసుకో. పెద్దవాళ్ళే తట్టుకోలేరు. అదే తలుచుకుంది తులశమ్మ. ఆ పిల్లని మళ్ళీ బళ్ళోకి తెచ్చి, కడుపునిండా తినేటట్టు చెయ్యకపోతే తను గరిటె పట్టుకోవడం దండగ అనుకుంది.

ఆ రోజు సాయంత్రం మంచి బియ్యంతో పులిహోర కలిపి, క్యారేజీ నిండా సర్దుకుని గుడిసెల దగ్గరికి వెళ్ళింది. మద్దమ్మ అప్పుడే చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. తులశమ్మని చూసి తలగుడ్డ తీసింది గానీ కూర్చోమనలేదు.

"పిల్లకి తెచ్చానమ్మా" అంది తులశమ్మ క్యారేజీ చాపుతూ.

"మేము కూలికొచ్చినాము పెద్దమ్మా, అడుక్కునేదానికి రాలేదు" అంది మద్దమ్మ. గట్టిగా అనలేదు, మామూలుగానే అంది. అని లోపలికి పోయింది. తులశమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచింది. దారిలో ఎదురైన వాళ్ళు "ఏంటి తులశమ్మా, ఎక్కడికి పులిహోర?" అన్నారు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి, తలొంచుకుని పోయింది.

రెండోసారి మాస్టార్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఈసారి తిండి తీసుకెళ్ళలేదు. మాటలు తీసుకెళ్ళింది. "నవ్వులాటకి అన్నానమ్మా. మా ఊళ్ళో అంతే, ఇష్టమున్నవాళ్ళనే అంటాం. ఎవర్నైనా అడుగు" అంది.

"మీకు నవ్వులాట సరే" అంది మద్దమ్మ. "నా బిడ్డ నవ్విందేమో చెప్పు."

మొదటిరోజు నవ్విందని చెబుదామనుకుంది తులశమ్మ. ఆ మాట తెలియక నవ్వింది కదా అని గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. మాస్టారు అందుకుని చదువు మానిపిస్తే ఎట్టా అమ్మా అంటే, "మా పొయ్యిలో పిల్లి ఉంటే ఉండనీ సార్. దాన్ని మీ బడిలోకి రానిచ్చింది మీరే గదా" అంది. ఆయన పెట్టించిన టిఫిను, ఆయన వరసలో నిలబెట్టిన పిల్లలు. ఆ మ్యావ్‌లు ఆయన గదిలోకి వినపడలేదా ఏంటి? వినపడ్డాయి. పిల్లలు ఆడుకుంటున్నారులే అనుకున్నాడు. ఇద్దరూ తలలొంచుకుని వెనక్కొచ్చారు.

నిద్దరొస్తోందా? ఊఁ కొట్టు మరి. ఇక్కడే అసలు సంగతి.

ఆ తర్వాత తులశమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. పొద్దున పిల్లలకి వండిపెట్టింది, తను తినలేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంది, లేచిపోయింది. పొద్దువాలేసరికి కాళ్ళు వాటంతటవే గుడిసెల దారి పట్టాయి. ఈసారి చేతిలో క్యారేజీ లేదు, పక్కన మాస్టారూ లేడు. చెప్పడానికి మాటా లేదు.

గుడిసెల దగ్గర ఆడవాళ్ళంతా పొయ్యిల ముందున్నారు. మద్దమ్మ సంగటి కెలుకుతోంది. సుంకి పక్కన కూర్చుని రోట్లో ఊరుబిండి నూరుతోంది. వేరుశనగ పప్పులూ ఎండుమిరపకాయలూ వేసి నూరుతారు వాళ్ళు. ఆ వాసనకి తులశమ్మ కడుపులో పేగులు అరిచాయి. అప్పుడు తెలిసింది ఆవిడకి, తను పొద్దుట్నించీ ఉత్త మంచినీళ్ళ మీద ఉందని.

అడుగుదామనుకుంది. నోరు తెరిచింది. ఊరంతటికీ వినపడే ఆ నోట్లోంచి మాట రాలేదు. జన్మలో ఎవర్నీ అన్నం అడిగి ఎరగదు కదా! పెట్టడమే తెలుసు. చుట్టూ చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. పక్క గుడిసెల వాళ్ళంతా చూస్తున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి పోదామా అనుకుంది. అట్టా పోవాలనుకున్నప్పుడు, పళ్ళెం నేలమీద పెట్టి వెళ్ళిపోయిన పిల్ల గుర్తొచ్చింది.

"మద్దమ్మా" అంది. "ఆకలేస్తోంది. ఇంత ముద్ద పెడతావా?"

గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, ఆవిడ గొంతేనా అని ఆవిడకే అనుమానమొచ్చింది.

పక్క గుడిసె ఆవిడకి మాత్రం బాగానే వినపడింది. ఆవిడ చప్పట్లు చరిచి నవ్వింది. "ఏమమ్మో, మీ ఊర్లో పొయ్యిలో పిల్లి లెయ్యలేదేమి?" అని అరిచింది. గుడిసెలన్నీ గొల్లుమన్నాయి. తులశమ్మ కళ్ళు దించుకుంది. తగిన శాస్తే అనుకుంది. పడాల్సిందే కదా అనుకుంది.

అప్పుడు మద్దమ్మ తెడ్డు పట్టుకుని లేచింది. నవ్వినావిడ వైపు తిరిగింది.

"ఆకలని వచ్చిన మనిషిని ఆ మాట అంటారా? నోరు ముయ్యి" అంది.



చూడు బుల్లీ, ఆ మాట తులశమ్మని అనలేదు. వేరే ఆవిడని అంది. కానీ తగలాల్సింది తులశమ్మకే తగిలింది. తిట్టినా బాగుండేది, నాలుగు దులిపినా బాగుండేది. నవ్విన వాళ్ళని ఆపింది మద్దమ్మ. ఆ రోజు బళ్ళో తను చెయ్యవలసిన పని అది. తను చెయ్యలేదు, పొట్ట పట్టుకుని నవ్వింది. భూమి చీలితే బాగుండుననిపించింది ఆవిడకి.

మద్దమ్మ చాప పరిచింది. పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి ఊరుబిండి వేసింది. "తిను" అంది. తులశమ్మ తింది. కన్నీళ్ళు కారం వల్లనో దేనివల్లనో ఎవరూ అడగలేదు. ముద్ద అయిపోయింది. ఇంకా ఆకలిగానే ఉంది. ఇంకొంచెం కావాలంటే ఏమనుకుంటారో అని చేతులు వెనక్కి తీసుకుంది. మద్దమ్మ అడగలేదు. కావాలా అనలేదు, చాలా అనలేదు. ఇంకో ముద్ద తీసి పళ్ళెంలో వేసి తన పని తను చూసుకుంది.

క్షమించాననీ అనలేదు. తులశమ్మ అడగనూ లేదు. చెయ్యి కడుక్కుని "వెళ్ళొస్తా" అంది. సుంకి గుడిసె లోపల్నించి చూస్తూనే ఉంది గానీ బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున తులశమ్మ బళ్ళో ప్రార్థన వరస ముందు నిలబడింది. "పిల్లి మాట అన్నది నేను. ఎవరి ఆకలినీ చూసి నవ్వకూడదు. నేను నవ్వాను, మీకు నేర్పాను. తప్పు నాది" అంది. ఒక పిల్లవాడు అలవాటుకొద్దీ మ్యావ్ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడు తన కాలివేళ్ళు చూసుకున్నాడు.

ఆ తర్వాత మాస్టారు, తులశమ్మ కలిసి పద్ధతి మార్చారు. పళ్ళెం చాపి వరసలో నిలబడటం లేదిక. పెళ్ళిబంతిలాగా అందరూ పక్కపక్కనే కూర్చోవాలి. ఇంట్లో తిన్నవాళ్ళూ కూర్చోవాలి, తిననివాళ్ళూ కూర్చోవాలి, మాస్టారు కూడా ఆ బంతిలోనే కూర్చోవాలి. తిన్నావా అని ఎవర్నీ అడగకూడదు. తులశమ్మ రెండుసార్లు బంతి చివరిదాకా వచ్చి వేస్తుంది, వద్దన్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. అడిగి పెట్టించుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

నాలుగు రోజులయ్యాక మద్దమ్మ సుంకిని పంపించింది. ఎందుకు పంపించిందో ఎవరికీ చెప్పలేదు. సుంకి వచ్చి బంతి చివర కూర్చుంది. వేసింది తినేది. రెండోసారి తులశమ్మ గరిటె తెస్తే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టేది. తల ఎత్తేది కాదు. కడుపు నిండిందని కాదే, తులశమ్మకి తెలుసు. ఆ చిన్న చెయ్యి చూసినప్పుడల్లా ఆవిడకి మళ్ళీ మొదటినుంచీ సిగ్గేసేది. బలవంతం చెయ్యడానికి నోరు రాలేదు. గరిటె అట్టాగే పట్టుకుని పక్క పిల్లవాడి దగ్గరికి పోయేది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారే, అదీ సంగతి. తప్పు ఒప్పుకుంటే ఆవిడ మనసు కొంచెం తేలికపడిందేమో గానీ, పిల్ల మనసు తేలికపడొద్దూ?

ఒకరోజు తులశమ్మ ఎవర్నో కనుక్కుంది, కర్నూలు వైపు పొద్దున ఏం తింటారని. ఉగ్గాణి అన్నారు. బొరుగులు, అంటే మన మరమరాలేలే, నీళ్ళల్లో వేసి తాలింపు పెడతారట. ఇంతేనా అనుకుంది ఆవిడ. ఇన్ని పెళ్ళిళ్ళకి వండిన చెయ్యి కదా! బొరుగులు తెప్పించింది. నీళ్ళల్లో పోసింది. ఉల్లిపాయలు తరిగింది, టమాటాలు కోసింది, పుట్నాలపప్పు పొడి కొట్టింది. ఇవన్నీ చేసేలోపల బొరుగులు నానీ నానీ గుజ్జయ్యాయి. అదే ఉగ్గాణి కాబోలనుకుని తాలింపులో వేసి పసుపు కలిపి దించింది.

బంతి కూర్చుంది. అందరికీ వేసింది. మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఏమీ అనకుండా మింగాడు. తులశమ్మ సుంకి దాకా వచ్చి వేసి, పక్కకి పోయినట్టే పోయి ఓరగా చూసింది.

సుంకి ఒక ముద్ద తింది. ఆగింది. పళ్ళెంలోకి చూసింది. మళ్ళీ ఇంకో ముద్ద తింది. మొహం అంతా ముడిచింది. అప్పుడు, బళ్ళోకి తిరిగొచ్చాక మొదటిసారిగా, తల పైకెత్తింది.

"అవ్వా!" అని పిలిచింది. బంతంతా అటు తిరిగింది.

"ఇది ఉగ్గాణి కాదు" అంది సుంకి. "బొరుగులు నీళ్ళల్ల ముంచి వెంటనే పిండల్ల. నువ్వు నానబెడితివి. జిగటజిగటగా ఉండాది. మాయమ్మ ఇట్ల చెయ్యదు."

పిల్లలంతా తులశమ్మ మొహం చూశారు. ఇక అంటుంది, ఇప్పుడు అంటుంది, ఈ పిల్లని కడిగేస్తుంది అనుకున్నారు. తులశమ్మ నాలుక చివర మాట వచ్చి నిలబడింది కూడా. ఆవిడ దాన్ని మింగేసింది. సొంత ఇంట్లోనే కదా బుల్లీ, పిల్లలు కూడుకి వంక పెట్టేది? పరాయి గుమ్మంలో చెయ్యి చాపి తినేవాళ్ళు బాగుందనే అంటారు, లేకపోతే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. తులశమ్మకి అది తెలుసు. ఎన్ని బంతులు చూసింది!

"మరి ఎట్టా చెయ్యాలో రేపు నువ్వే చూపించమ్మా" అంది.

సుంకి సరేనన్నట్టు తలూపింది. పళ్ళెంలో ఉన్నది వేళ్ళతో దగ్గరికి తోసుకుని, నాకి, గబగబా తినేసింది. అప్పుడు పళ్ళెం ఎత్తి ముందుకు చాపింది.

"బాగలేదు" అంది. "ఇంకొంచెం పెట్టు."

కథేమో కంచికి, కునుకేమో మంచానికి,
ముద్దేమో నోటికి, మాటేమో గూటికి,
పెట్టిన చెయ్యి చల్లన, తిన్న కడుపు మెల్లన,
కళ్ళు మూసుకో బుల్లెమ్మా, తెల్లారితే బడి గణగణ.